బంతి చౌక, విప్పడం ఖరీదు

పికప్ బండి ముందు చక్రం వెనకాల గుప్పిట్లో ఇమిడే కీలొకటి ఉంటుంది. దాని పేరు బాల్ జాయింట్. అమెరికాలో ఇరవై ఏళ్లు దాటిన టయోటా టకోమా పికప్‌కి ఈ కీళ్లు అరిగిపోయాయనుకుందాం. విడిభాగాల దుకాణంలో చౌకరకం కీలు 30, 40 డాలర్లకు దొరుకుతుంది. కంపెనీ సరుకే కావాలంటే 100 డాలర్లు దాటుతుంది. అదే పని గ్యారేజీకి అప్పజెప్పి, రెండు వైపులా కింది కీళ్లు మార్పించుకుని బయటపడేసరికి బిల్లు అయిదారు వందల డాలర్లయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పై కీళ్లు కూడా పోయి ఉంటే, అదీ నాలుగు చక్రాలూ లాగే భారీ పికప్ అయితే, వెయ్యి దాటడం మామూలే. సరుకు ధరకూ చివర్లో చేతికొచ్చే కాగితం మీది అంకెకూ ఇంత దూరం ఎందుకు? గ్యారేజీ వాడి దురాశ కొంత ఉంటే ఉండవచ్చు. ఎక్కువ భాగం మాత్రం ఆ కీలు ఎలా అరుగుతుంది, ఎక్కడ కూర్చుంటుంది అన్న రెండు ప్రశ్నల్లోనే ఉంది. ఆ బిల్లును వరస వరసగా చదువుదాం.

ముందు చక్రం రెండు పనులు ఒకేసారి చెయ్యాలి. గుంత వస్తే పైకీ కిందికీ ఆడాలి. స్టీరింగ్ తిప్పితే పక్కకి తిరగాలి. తలుపు మడతబందు ఒక్క దిశలోనే తిరుగుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. గిన్నెలో బంతి పెడితే ఏ దిశకైనా తిరుగుతుంది, అయినా ఉన్నచోటు వదలదు. బాల్ జాయింట్‌లో ఉన్నది అంతే: ఉక్కు కాడ, దాని చివర నున్నటి బంతి, బంతిని పట్టుకునే గిన్నె, రెంటికీ మధ్య ప్లాస్టిక్ పొర, కాస్త గ్రీజు, మెడ చుట్టూ రబ్బరు తొడుగు. చాలా పికప్‌లలో ఛాసిస్ నుంచి చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఉంటాయి. చక్రాన్ని మోసే ఉక్కు దిమ్మను మెకానిక్కులు నకిల్ అంటారు. ఆ నకిల్ పై ఆర్మ్‌కి ఒక బంతితోనూ కింది ఆర్మ్‌కి ఒక బంతితోనూ వేలాడుతుంది. రెండు బంతుల కేంద్రాల్నీ కలిపే ఊహారేఖ చుట్టూ చక్రం తిరుగుతుంది.

బాల్ జాయింట్లు రాకముందు ఆ రేఖ ఊహ కాదు, నిజమైన ఇనప కడ్డీయే. కింగ్‌పిన్ అనే ఆ కడ్డీ బుష్‌ల మధ్య తిరిగేది. తరచుగా గ్రీజు తాగేది. మన లారీల ముందు ఇరుసుల్లో ఇప్పటికీ అదే ఉంది. అమెరికా కార్లలో కింగ్‌పిన్‌ని తీసి బాల్ జాయింట్లు పెట్టినది 1952 మోడల్ లింకన్. పికప్‌లు నెమ్మదిగా దారికొచ్చాయి. 1960లో షెవర్లే పికప్ ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్‌తో పాటు బాల్ జాయింట్లు వచ్చాయి. ఫోర్డ్ మాత్రం 1965లో రెండు దూలాల కొత్త సస్పెన్షన్ తెచ్చి కూడా కింగ్‌పిన్‌నే అట్టిపెట్టుకుంది. బరువులు మోసే బండికి ఇంత చిన్న బంతి ఆగుతుందా అన్న శంక అప్పట్లో అర్థంలేనిదేమీ కాదు.

ఆ బంతి మీద పడేదెంతో ఒక లెక్క వేసుకుందాం. రెండు టన్నుల బండి. ఒక్కో ముందు చక్రం మీద సుమారు 500 కిలోలు. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకి ఒరుగుతుంది. నేల ఒక్కో ముందు చక్రాన్ని వెనక్కి పట్టే బలం 5,000 న్యూటన్లు అనుకుందాం. కింది కీలు నేలకి 20 సెంటీమీటర్ల ఎత్తున, పై కీలు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. ఈ 5,000ని రెండు కీళ్లూ సగం సగం పంచుకుంటాయని తోస్తుంది. అలా జరగదు. బలం పనిచేసేది రెండు కీళ్లకూ కింద, టైరు నేలను తాకే చోట. పై కీలును ఆధారబిందువుగా పెట్టి మీట లెక్క కడితే కింది కీలు మీద పడేది 5,000 ఇంటూ 50 బై 30, అంటే సుమారు 8,300 న్యూటన్లు. 850 కిలోల బరువు వేలాడదీసినంత. పై కీలు మీద 3,300 న్యూటన్లు, అదీ ఎదురు దిశలో. నేల ఇచ్చిన బలం కన్నా కింది కీలు మోసేదే ఎక్కువ. కింది కీళ్లు ముందుగా పోవడానికి ఇదొక కారణం. వేలంత మందం ఉన్న కాడ మీద, సిటీ ట్రాఫిక్‌లో రోజుకు కొన్ని వందలసార్లు ఈ తంతు నడుస్తుంది.

బరువు తెలిసింది. ఇక అరుగుదల. 1953లో జె. ఎఫ్. ఆర్చర్డ్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఒకదాని మీద ఒకటి రాసుకునే ఉపరితలాల గురించి చాలా సరళమైన సూత్రం ఇచ్చాడు. అరిగిపోయే పదార్థం ఘనపరిమాణం, మీద పడే బరువుకీ జారిన దూరానికీ అనులోమంగా ఉంటుంది. మెత్తటి వస్తువు గట్టిదనానికి విలోమంగా ఉంటుంది. దీన్నంతటినీ ఒక గుణకంతో హెచ్చించాలి. ఇందులో వింత ఏమిటంటే, ఆనుకున్న వైశాల్యం ఈ సూత్రంలో ఎక్కడా కనబడదు. ఎంత నున్నటి ఉపరితలమైనా సూక్ష్మదర్శిని కింద గుట్టలు మిట్టలే. నిజంగా తాకేవి ఆ మిట్టల కొనలు మాత్రమే. బరువు పెరిగితే మరిన్ని కొనలు తాకుతాయి. వైశాల్యం పెంచితే అదే బరువు ఎక్కువ మేర చెదిరిపోతుంది గాని, తాకే కొనల మొత్తం మారదు.

దూరం సంగతి. బంతి వ్యాసం 30 మిల్లీమీటర్లు. చక్రం చిన్న ఎగుడుదిగుడు దాటినప్పుడు బంతి నాలుగు డిగ్రీలు తిరిగి వెనక్కి వచ్చిందంటే దాని ఉపరితలం జారింది రెండు మిల్లీమీటర్లు. కిలోమీటరుకి అలాంటివి 500 ఉన్నాయనుకుంటే జారింది ఒక మీటరు. బండి లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి, ఆ బంతి తన గిన్నెలోనే 100 కిలోమీటర్లు పాకినట్టు. అంత పాకీ ప్లాస్టిక్ పొర మిల్లీమీటరులో కొద్ది వంతు కూడా పోకుండా ఉండాలని ఇంజనీరు ఆశ.

ఆ ఆశకి ఒక అడ్డంకి ఉంది. ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ ఆగకుండా గిర్రున తిరుగుతుంది కాబట్టి నూనెను తన కిందికి లాక్కుని దాని మీద తేలుతుంది. లోహానికి లోహం తగలదు. వేగం తగ్గేకొద్దీ ఆ నూనె పొర పలచబడి, ఘర్షణ ఎలా మారుతుందో జర్మనీలో రిచర్డ్ స్ట్రిబెక్ 1902లోనే కొలిచి గీత గీసి చూపించాడు. బాల్ జాయింట్ ఆ గీతలో ఎప్పుడూ అట్టడుగు వేగం వైపే ఉంటుంది. కొంచెం కదులుతుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది. తేలే భాగ్యం దానికి లేదు. అందుకే దానికి పల్చటి నూనె చాలదు, గ్రీజు కావాలి; ఉక్కుకి జోడీగా ఉక్కు కాకుండా, తనంతట తానే జారుడుగుణం ఉన్న ప్లాస్టిక్ కావాలి. ఇప్పటి కీళ్లలో తరచుగా పాలీఎసిటాల్ వాడతారు.

లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె అన్న ఇదే జోడీ మనుషుల ఒంట్లోకి కూడా వెళ్లింది. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే శస్త్రవైద్యుడు తుంటికీళ్లు మార్చే పని మొదలుపెట్టినప్పుడు గిన్నెకి టెఫ్లాన్ వాడాడు. అది జారుడులో సాటిలేనిది. కాని కొన్నేళ్లకే అరిగిపోయింది. రాలిన పొడి చుట్టుపక్కల కణజాలాన్ని రేపి పుండు చేసింది. జారుడుతనం వేరు, అరుగుదల వేరు అని రోగుల ఖర్చుతో తెలిసొచ్చింది. 1962లో ఆయన ప్రయోగశాలలో పనిచేసే హ్యారీ క్రేవెన్‌కి, ఒక కంపెనీ ప్రతినిధి ద్వారా, అతిభారీ అణువులున్న పాలీఎథిలీన్ ముక్క దొరికింది. చార్న్లీ దాన్ని చూసి పెదవి విరిచాడు. క్రేవెన్ మాత్రం అరుగుదల యంత్రం మీద పెట్టి నడిపించాడు. టెఫ్లాన్‌తో పోలిస్తే అది అరిగినట్టే లేదు. ఆ ఏడాది నవంబరు నుంచి చార్న్లీ దానికి మారాడు. ఆ ప్లాస్టిక్ సంతతే నేటికీ తుంటి గిన్నెల్లో ఉంది.

చార్న్లీ బంతిని బాగా చిన్నదిగా, 22 మిల్లీమీటర్లకి కాస్త పైగా పెట్టాడు. ప్రధానంగా రాపిడి గిన్నెను మెలితిప్పి ఎముక నుంచి ఊడదీయకుండా. ఆర్చర్డ్ సూత్రం పెట్టి చూస్తే ఇంకో లాభం కనిపిస్తుంది: బంతి చిన్నదైతే జారే దూరం తగ్గుతుంది, కనక రాలే పొడి తగ్గుతుంది. ఒంటికి శత్రువు పొడి కాబట్టి చిన్న బంతి మేలు. బండి సంగతి వేరు. పొడి రాలితే బండికి ఏ పుండూ పడదు. దానికి శత్రువు లోతు, అంటే వదులు. వ్యాసం రెట్టింపు చేస్తే జారే దూరం రెట్టింపవుతుంది, అరుగుదల పరచుకునే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి అరిగే లోతు సగమవుతుంది. అందుకని బరువైన పికప్‌లకు పెద్ద బంతులు. ఒకే సూత్రం ఒకచోట చిన్న బంతినీ మరోచోట పెద్ద బంతినీ కోరుతుంది. నాకు ఈ మొత్తం కథలో ముచ్చటైన భాగం ఇదే.

ఇంతవరకూ లెక్క ప్రకారం నడిస్తే బాల్ జాయింట్లు నెమ్మదిగా, ముందే అంచనా వెయ్యగలిగేలా అరగాలి. రోడ్డు మీద అలా జరగదు. ఒక బండికి రెండు లక్షల కిలోమీటర్లు వస్తాయి, పక్కదానికి అరవై వేలకే లొడలొడమంటాయి. బరువు అంత తేడాగా ఉండదు. దూరం కూడా ఉండదు. మారేది ఆ గుణకం. ఆర్చర్డ్ సూత్రంలో అమాయకంగా కూర్చున్న ఆ గుణకం పరిస్థితిని బట్టి పదుల, వందల రెట్లు పెరగగలదు. దాన్ని అదుపులో ఉంచేది బిల్లులో పేరు కూడా లేని భాగం: రబ్బరు తొడుగు. మెకానిక్కుల మాటలో బూట్.

బూట్ చిరిగిందంటే లోపలికి దుమ్ము వెళ్తుంది. దుమ్ములో ఉన్న ఇసుక రేణువు క్వార్ట్జ్. అది బంతి ఉక్కు కన్నా గట్టిది. మెత్తటి ప్లాస్టిక్‌లో ఆ రేణువు దిగబడుతుంది, దిగబడి కదలకుండా కూర్చుంటుంది. అప్పటినుంచి గిన్నె లోపలి గోడ గరుకు కాగితం. మెత్తటిది గట్టిదాన్ని అరగదీస్తుంది. తర్వాత నీళ్లు. గ్రీజు కొట్టుకుపోతుంది, బంతి మీద తుప్పు మచ్చలు పడతాయి, తుప్పు గుంటల అంచులు ప్లాస్టిక్‌ని తురుముతాయి. చిరుగు పడ్డాక కీలు ఎన్నాళ్లు ఉంటుందన్నది రోడ్డును బట్టి, వానను బట్టి. నెలల్లో పోవడం వింతేమీ కాదు. ఉత్తర అమెరికాలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ప్రాంతాల బండ్లలో కింది భాగాలన్నీ దీనికి బలి. మన కోస్తాలో రొయ్యల పెట్టెలు మోసే పికప్‌ల కిందికి కారే ఐసు నీళ్లు చేసే పనీ అదే జాతిది.

పాత కీళ్లకు గ్రీజు నిపిల్ ఉండేది. గన్ పెట్టి కొత్త గ్రీజు ఎక్కిస్తే పాతదీ, దానితో మురికీ బూట్ అంచు నుంచి బయటికొచ్చేవి. కొత్త బండ్లలో చాలావాటికి నిపిల్ లేదు. జీవితకాలం సీలు చేశామంటారు. ఎవరి జీవితకాలం అన్నది చెప్పరు. కంపెనీ వైపు వాదన బలహీనమేమీ కాదు. గ్రీజు కొట్టడం యజమానులు ఎప్పుడో మానేశారు, కొట్టేవాళ్లలో కొందరు అతిగా కొట్టి బూట్ పగలగొట్టేవారు. అయినా బరువు మోసే బండికి నిపిల్ ఉన్న కీలు దొరికితే, నేనైతే రెండో ఆలోచన లేకుండా అదే వేయించమంటాను. నిపిల్‌తో ఒక తెలివైన ఉపాయం కూడా వచ్చింది. 1970లలో జనరల్ మోటార్స్ బండ్లలో గ్రీజు నిపిల్ చుట్టూ చిన్న గట్టు పెట్టారు. కీలు కొత్తదిగా ఉన్నప్పుడు ఆ గట్టు అడుగు నుంచి 1.27 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంటుంది. అరిగేకొద్దీ లోపలికి పోతుంది. బండి చక్రాల మీద నిలబడి ఉండగా గోరుతో తడిమి, గట్టు తగలకపోతే కీలు మార్చాలి. పైసా ఖర్చులేని పరీక్ష.

టకోమానే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు చెప్పవచ్చు. చాలా బండ్లలో కింది కీలు మీద బరువు బంతిని గిన్నెలోకి నొక్కేలా పడుతుంది. ప్లాస్టిక్ పూర్తిగా పోయినా బంతి గిన్నెలోనే ఉంటుంది. చప్పుడు చేస్తుంది, స్టీరింగ్ గుంజుతుంది, కాని విడిపోవడానికి చాలాకాలం పడుతుంది. ఆనాటి టకోమాలో కింది కీలు నకిల్ అడుగున నాలుగు బోల్టులతో వేలాడుతుంది, దాని కాడ కింది ఆర్మ్‌లోకి దిగుతుంది. స్ప్రింగ్ ఆ ఆర్మ్‌ని కిందికి నెడుతుంది, నేల నకిల్‌ని పైకి నెడుతుంది. అంటే బండి బరువు బంతిని ఎప్పుడూ గిన్నెలోంచి బయటికి లాగుతూనే ఉంటుంది. గిన్నె అంచు పలచబడిన రోజున బంతి ఊడి, చక్రం మడ్‌గార్డులోకి మడుచుకుపోయి, బండి నేలమీద కూలబడుతుంది. అమరిక ఒక్కటే తప్పు అనలేం. కీలు బాగున్నంతకాలం లాగినా నొక్కినా తేడా లేదు. తేడా వచ్చేది చెడిపోయే తీరులో.

కీలు బాగుండకపోతే ఏమవుతుందో టయోటాకి తెలిసొచ్చింది. 2005 మేలో ఆ కంపెనీ అమెరికాలో 7.5 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. వాటిలో 2001 నుంచి 2004 దాకా మోడల్ టకోమాలు, వాటితోపాటు ఫోర్‌రన్నర్, టండ్రా, సెకోయా బండ్లు ఉన్నాయి. కారణం: తయారీలో కింది బాల్ జాయింట్ బంతి ఉపరితలం మీద గీతలు పడి ఉండవచ్చు, అలాంటి కీలు తొందరగా అరిగి వదులవుతుంది. 2007 జనవరిలో ఇంకో 5 లక్షలకు పైగా టండ్రా, సెకోయా బండ్లకు మళ్లీ అదే పిలుపు. కంటికి కనబడీ కనబడని గీతలు. పైన చెప్పుకున్న మిట్టలు, కొనల భాషలో అనువదిస్తే, బంతే తన గిన్నెకు ఆకురాయి అయింది. ఆ మోడల్ బండ్లకు కింది కీలు కంపెనీ సరుకే వేయించాలని యజమానులు ఈనాటికీ పట్టుబట్టడంలో అతి ఉన్నట్టు తోచినా అందులో న్యాయం ఉంది. ఊడిపోయే రకం కీలు దగ్గర అరవై, డెబ్బై డాలర్లు మిగుల్చుకోవడం బేరం కాదు.

బిల్లులో మొదటి గంట ఖర్చయ్యేది కీలు నిజంగా అరిగిందా అని తేల్చడానికి. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ముందు నుంచి టక్‌టక్ అంటే అది బాల్ జాయింట్ కావచ్చు, టై రాడ్ ఎండ్ కావచ్చు, బుష్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. జాకీ ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి జవాబు తారుమారవుతుంది. స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చునే బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తితే, స్ప్రింగ్ ఆర్మ్‌ని కిందికి తన్ని పట్టి రెండు కీళ్లనూ బిగువుగా లాగి ఉంచుతుంది. అప్పుడు చక్రం ఎంత ఊపినా వదులు దొరకదు. అరిగిన కీలు ఆరోగ్యంగా కనబడుతుంది. జాకీ కింది ఆర్మ్ చివర, కీలుకి దగ్గరగా పెట్టాలి. స్ప్రింగ్ బలం జాకీ మీదికి పోయాక, టైరు కింద గడ్డపార దూర్చి పైకి లేపితే బంతి గిన్నెలో ఎంత ఆడుతుందో తెలుస్తుంది. మంచి షాపుల్లో డయల్ గేజి పెట్టి కొలుస్తారు. ఎంత ఆట ఉంటే మార్చాలన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. మాన్యువల్ చూడకుండా "పోయింది సార్" అనే మెకానిక్‌ని, ఏ గేజి మీద ఎంత వచ్చిందని అడిగితే తప్పులేదు.

తేలాక, విప్పడం. కాడ చివరి భాగం కోసుగా ఉంటుంది. చాలా బండ్లలో అది నకిల్‌లోని కోసు రంధ్రంలోకి దిగి, నట్టు బిగించేసరికి ఉక్కులో ఉక్కు కరుచుకుపోతుంది. నట్టు తీసేసినా అది రాదు. కోణం అంత తక్కువ కాబట్టి రాపిడి ఒక్కటే దాన్ని పట్టి ఉంచుతుంది. అనుభవం ఉన్న మెకానిక్ కాడను కొట్టడు. రంధ్రం చుట్టూ ఉన్న నకిల్ కంటిని పక్కనుంచి సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేస్తాడు. ఆ క్షణంలో గుండ్రటి కన్ను సొట్టపోయి మళ్లీ గుండ్రమవుతుంది. ఆ రెప్పపాటులో పట్టు తెగి కాడ ఠప్పున జారుతుంది. రెండు పళ్ల ఫోర్కు దూర్చి సుత్తితో కొట్టేవాళ్లూ ఉన్నారు. పని అవుతుంది, బూట్ మాత్రం చిరుగుతుంది. మార్చబోయే కీలైతే పర్వాలేదు. వేరే పనికి కీలు విడదీస్తూ అలా చేస్తే, మంచి కీలుకి ఆ రోజే గడువు పెట్టినట్టు.

గిన్నె వైపు ఇంకో పేచీ. టకోమా కింది కీలు బోల్టుల మీద ఉంటుంది గనక నాలుగు విప్పితే వస్తుంది, తుప్పు పట్టి విరక్కపోతే. ఇంకొన్ని బండ్లలో గిన్నెను ఆర్మ్ రంధ్రంలోకి బిగువుగా ప్రెస్ చేస్తారు. రంధ్రం కన్నా గిన్నె మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పెద్దది. టన్నుల కొద్దీ బలంతో నెట్టాలి. కొన్ని ఫ్యాక్టరీ నుంచే రివెట్లు కొట్టి వస్తాయి. రివెట్ల తలలు డ్రిల్లుతో తొలిచి తీసి, కొత్తదానికి బోల్టులు వేస్తారు. ఇంకొన్నిట్లో కీలు విడిగా అమ్మరు, ఆర్మ్ మొత్తం కొనాలి. ముందు కూడా గట్టి ఇరుసు ఉన్న భారీ ఫోర్‌వీల్ పికప్‌లలోనైతే కీలు దగ్గరికి చేరాలంటే బ్రేకు, హబ్, ఇరుసు కడ్డీ అన్నీ ఒక్కొక్కటిగా బయటికి రావాలి. చెయ్యి కీలు మీద పడేసరికే పూట గడిచిపోతుంది. అమెరికా గ్యారేజీలు లేబరును గంటకి 100 నుంచి 200 డాలర్ల దాకా వేస్తాయి. ఏ పనికి ఎన్ని గంటలో ముందే అచ్చు వేసిన పట్టికలుంటాయి. పికప్ మారితే బిల్లు రెండింతలు, మూడింతలు కావడానికి కీలు ధర చేసేది తక్కువ, ఆ పట్టికలోని గంటలు చేసేది ఎక్కువ.

అందుకనే అక్కడ మంచి సలహా ఒకటి వినబడుతుంది: ఎలాగూ విప్పారు కాబట్టి, అదే వైపు పై కీలు కూడా మార్చేయండి. మెకానిక్ తన సరుకు అమ్ముకుంటున్నాడని అనుమానించాల్సిన పనిలేదు. లేబరు ప్రియమై సరుకు చౌకైనచోట ఆ లెక్క సరైనదే. ఇదే సలహా మనదేశంలో అంత బలంగా నిలవదు. ఇక్కడ లేబరు చౌక, సరుకే బిల్లులో పెద్ద వాటా. కాబట్టి అరిగినది మార్చి, అరగనిదాన్ని వచ్చే ఏడాది చూద్దామనడం మన యజమాని పిసినారితనం అనుకోకూడదు. ఆ అంకెలకు అదే తెలివి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేతు మిషను, ప్రెస్సు, పాత విడిభాగాల కొట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకచోట విప్పినది నాలుగడుగుల్లో ఇంకోచోట ప్రెస్ అవుతుంది. అమెరికాలో పూట పట్టే పనికి ఇక్కడ ఖర్చు తగ్గడానికి కూలి తక్కువ కావడమే కాక ఈ ఇరుగుపొరుగుతనం కూడా కారణం. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ మాక్స్ పికప్‌లకు కూడా ముందు రెండు ఆర్మ్‌లు, స్ప్రింగులు, బాల్ జాయింట్ల ఏర్పాటే. పైన చెప్పిన జాకీ నియమం దానికీ వర్తిస్తుంది. సరుకు ధరలో ఇంకో చిన్న మార్పు: 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది.

కొత్త కీలు పెట్టాక నట్టు బిగించడంలో ఒక చిన్న నియమం ఉంది. నట్టు పైన గాడులుంటాయి, కాడకి అడ్డంగా రంధ్రం ఉంటుంది, రెంటిలోంచీ స్ప్లిట్ పిన్ను దూరాలి. కంపెనీ చెప్పిన బిగువుకి వచ్చాక గాడి రంధ్రానికి ఎదురుగా రాకపోతే, నట్టును ఇంకాస్త బిగించాలే గాని వెనక్కి వదలకూడదు. వదిలితే కోసులో పట్టు పోతుంది. పట్టు లేని కాడ రంధ్రంలో సన్నగా ఆడుతూ, ఈసారి బంతికి బదులు నకిల్‌నే అరగదీస్తుంది. నకిల్ ధర ముందు కీలు ధర ఏపాటిది.

చివరి వరస వీల్ అలైన్‌మెంట్. అమెరికాలో 100 డాలర్లు, ఆపైన. మన ఊళ్లలో వందల రూపాయల్లో పని. కీలే కదా మార్చింది, దీనికి మళ్లీ డబ్బెందుకని చాలామంది దీన్ని కొట్టేయిస్తారు. లెక్క చూడండి. పై కీలుకీ కింది కీలుకీ మధ్య 300 మిల్లీమీటర్లు. ఒక కీలులో రెండు మిల్లీమీటర్ల ఆట ఉంటే చక్రం వాలు దాదాపు 0.4 డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. కంపెనీలు మొత్తంమీద ఇచ్చే సడలింపే అర డిగ్రీ, ముప్పావు డిగ్రీ ఉంటుంది. పాత కీలు వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంట్ కొత్త కీలు రాగానే తప్పు అంకె. పైగా వదులు కీలుతో నడిచిన నెలల్లో టైరు లోపలి అంచు నున్నగా అరిగి ఉంటుంది, బయటి నుంచి చూస్తే టైరు గాడులు లోతుగానే కనిపిస్తాయి. బండి జాకీ మీద ఉన్నప్పుడే చక్రం పూర్తిగా పక్కకి తిప్పి ఆ అంచు చూడాలి. తీగలు తేలి ఉంటే, ముందు రెండు టైర్ల ధర ఈ బిల్లు పక్కన వేసుకోవలసిందే. రెండు కీళ్ల ధరకన్నా అది ఎక్కువ.